తాళం చక్రాలు

వైశాఖ బహుళ తదియ

ఇసుకబండి నడిపేవాళ్లు రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని మా మిట్టలో కట్టుబాటు. బండి ఎక్కడికి పోయింది, ఎంత కరెంటు తాగింది, ఏం విరిగింది. నాలుగు ముక్కలతో ఆగడం నాకు చేతకాదు. హంపక్క రాసింది చదవాలంటే ఒక పూట పడుతుందని మిట్టలో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈరోజు బండి కదల్లేదు. పొద్దున్నే మంచు నీళ్లు పట్టే వలలు దులిపాను. వైశాఖంలో వలలు దులపడం ఉత్త అలవాటే, బిందె అడుగు కూడా తడవలేదు. తర్వాత మేడెక్కి కరెంటు పలకల మీది ఇసుక చిమ్ముతుంటే, తూర్పు దిబ్బ దిగి ఎర్రిస్వామి రావడం కనిపించింది. నెత్తిన చుట్టబట్ట, దాని మీద నీళ్లకుండంత పెట్టె. ఎర్రిస్వామి నా చెల్లెలు నాగవేణి మొగుడు. నెలకోసారి రాయదుర్గం గర్భశాలకు పోయి బిడ్డను చూసి వస్తాడు.

నాగవేణికి మూడు కడుపులు నిలవలేదు. నాలుగోసారి డాక్టర్లు ఆలస్యం చేయకుండా నాలుగో నెలలోనే బిడ్డను కడుపులోంచి గర్భశాల పేటికలోకి మార్చారు. నాగవేణి ఇంటికి వచ్చేసింది. వచ్చింది వచ్చినట్టే ఉంది, మళ్లీ ఒక్కసారీ అటు పోలేదు. రమ్మంటే పుట్టినాక చూద్దాం లే అంటుంది. ఎర్రిస్వామి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఎట్లుందని కూడా అడగదు. అతను గోడకు చెప్పినట్టు చెప్పుకుంటాడు, ఇంత పెరిగింది, వేలు నోట్లో పెట్టుకుంటోంది అని. అప్పుడు ఆమె ఏ పని చేస్తున్నా ఆ పని చప్పుడు ఆగుతుంది. విననట్టు కనిపిస్తుంది కానీ వింటుంది.

ఈరోజు అతను తెచ్చింది వేరే కబురు. ఆషాఢపు గాలులు ఈ ఏడు ముందే లేస్తాయట. గర్భశాల కప్పు ఆ గాలికి నిలబడదని, పేటికలన్నిటినీ రైల్లో దక్షిణాన సముద్రం పక్క ఊరికి చేరుస్తున్నారట. రైల్లో పేటికలకే చోటు, అమ్మానాన్నలకు లేదు. గాలులు ఆగి దారులు తెరుచుకునేసరికి భాద్రపదం వస్తుంది. బిడ్డ పుట్టవలసింది శ్రావణంలో.

ఇంకో దారి కూడా చెప్పారట. ఏడో నెల నిండిన పేటికను ఇంటికి తీసుకుపోవచ్చు, పుట్టేదాకా ఒక నర్సు తోడుంటుంది. కానీ తీసుకుపోయే బండి మెత్తగా నడవాలి. పేటిక పక్కన ఒక ముల్లు ఉంటుంది, కుదుపు తగిలితే లేస్తుంది. దారి పొడుగునా అది ఎర్రగీత దాటకూడదు. ముందు ఉత్త పేటికలో నీళ్లు నింపుకుని ఇక్కడి నుంచి రాయదుర్గం దాకా నడిపి చూపించాలి. ఎర్రిస్వామి నెత్తిన ఉన్నది ఆ ఉత్త పేటికే.

"నీ బండి పనికొస్తాదా వదినా?" అని అడిగాడు.

నాగవేణి గడపలో కూర్చుని మునగాకు దూస్తోంది. నేను ఆమె వంక చూశాను. ఆకు సగమే దూసిన చాట తీసుకుని లోపలికి పోయింది.

వైశాఖ బహుళ అష్టమి

పనికిరాదు. ఇవాళ తేలిపోయింది.

మొదట టైర్లలో మామూలుగా కొట్టే గాలితోనే పోయాం. దిబ్బల మీద బాగానే ఉంది. రాళ్లవాగులో దిగామో లేదో, గట్టి టైరు ప్రతి రాయినీ తీసుకొచ్చి పేటికలో పెట్టింది. వాగు సగం దాటకముందే ముల్లు ఎర్రగీత మీదకు ఎక్కి కూర్చుంది. వెనక్కి తిప్పి, గాలి సగానికి దించి మళ్లీ దిగాం. అప్పుడు బండి నడక మారిపోయింది. టైరు రాయిని గుద్దుకోకుండా దాని మీద పరుచుకుని దాటుతోంది. ముల్లు పడుకునే ఉంది. ఎర్రిస్వామి మొహం వెలిగింది. చాలా నెలల తర్వాత చూశాను ఆ వెలుగు.

వాగు దాటి దిబ్బ ఎక్కుతూ పక్కకు తిప్పగానే ముందు టైరు రిమ్ము నుంచి ఊడిపోయింది. మెత్తటి టైరుకు రిమ్మును పట్టుకునే బలం ఉండదు. గాలే దాని అంచును రిమ్ముకు అదిమిపెట్టేది. గాలి తగ్గించామా, పక్క ఒత్తిడికి అంచు జారిపోతుంది. బండి ఒరిగింది, పేటికలో నీళ్లు ఒలికాయి.

ఎండలో టైరు మళ్లీ ఎక్కించుకుని ఇల్లు చేరాం. ఇంటి ముందు దిగాక ఎర్రిస్వామి, ఉత్త పేటికయింది కాబట్టి సరిపోయింది వదినా అన్నాడు. గాలి ఉంటే కుదుపు, లేకపోతే ఊడిపోవడం. రెండిటి మధ్య దారి ఏదో ఒకటి ఉండాలి.

వైశాఖ బహుళ ద్వాదశి

రాయదుర్గంలో పాత రైలు వంతెన కింద షరీఫ్ సాబ్ కొట్టు. చక్రాలు తప్ప ఇంకేమీ అమ్మడు. గడ్డం తెల్లబడింది, నడుం వంగింది, నోరు మాత్రం చురుకే. ఎర్రిస్వామిని వెంటబెట్టుకుని పోయి సంగతంతా చెప్పాను. ఏం మోస్తున్నామో విన్నాక చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

నీకు కావలసింది బీడ్‌లాక్ అన్నాడు. ఇక్కడందరూ తాళం చక్రం అంటారట. రిమ్ము బయటి అంచు మీద టైరు పెదవిని, అంటే దాని అంచును, కూర్చోబెట్టి, దాని మీద ఇనుప రింగు పెట్టి, చుట్టూ బోల్టులతో బిగిస్తారు. పెదవి రెండు ఇనుముల మధ్య ఇరుక్కుంటుంది. ఇక గాలి ఎంత తీసేసినా ఊడదు.

నాలుగేసి చక్రాల సెట్లు రెండు చూపించాడు. ఒకటి దక్షిణం నుంచి వచ్చిన అల్యూమినియం సెట్టు, మెరిసిపోతోంది. అందులో ఒక చక్రాన్ని ఒంటిచేత్తో ఎత్తాను. రెండోది పాత ఉక్కుది, అందులో ఒకదాన్ని ఎత్తడానికి ఎర్రిస్వామి సాయం రావలసి వచ్చింది. చక్రం తేలికైతే కుదుపూ తక్కువ కదా అని నేను మొదటిదాని మీదే చెయ్యి వేశాను. షరీఫ్ సాబ్ కాదనలేదు. మీ దారిలో రాళ్లున్నాయా అని అడిగాడు. వాగుంది అన్నాను. అల్యూమినియం రింగు రాయికి తగిలితే పగులుతుంది, ఉక్కుది వంగుతుంది, వంగినదాన్ని దారిలో సరిచేసుకోవచ్చు, పగిలినదాన్ని ఏం చేస్తావో నువ్వే చూసుకో అన్నాడు. నేను చాలాసేపు ఆ రెండింటి మధ్యా నిలబడ్డాను. చివరికి ఉక్కుదే తీసుకున్నాను. బరువు పెరిగితే గాలి ఇంకొంచెం దించుకుంటాను.

టైర్ల దగ్గరా నా చూపు తప్పే పడింది. లోతైన పళ్లున్న టైరు చూసి ఇది పట్టుకుంటుంది కదా అన్నాను. పళ్లు ఇసుకను తవ్వుతాయి, తవ్వితే దిగబడతావు, ఇసుక మీద తేలాలి కానీ తవ్వకూడదు అన్నాడు. నున్నగా, పక్కలు ఎత్తుగా పలచగా ఉన్నవి చూపించాడు. పక్కలు మెత్తగా ఉంటేనే గాలి తగ్గించిన ఫలం దక్కుతుంది. వాటిలో అన్నిటికంటే వెడల్పుది తీసుకుందామని నాకు ఆశ. అతను నా బండి ముందు చక్రం పూర్తిగా తిప్పించి, దారంతో కొలిచి చూపించాడు. మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది. దానికంటే ఒక వాసి సన్ననిది కుదిరింది.

ఆ ఉక్కు చక్రాలు అతని సొంత బండివట. వయసులో ఉన్నప్పుడు ఇసుక పందేలకు పోయేవాడు. పక్కన భార్య హసీనమ్మ కూర్చుని దిబ్బ వాలు చెప్పేది. ఆమె పోయాక ఆ చక్రాలను ఎవరికీ ఇవ్వలేదట. నాకు ఇవ్వడానికి మనసొచ్చిందా అని అడిగాను. రింగును గుడ్డతో తుడుస్తూ అన్నాడు:

"పడి ఉంటే తుప్పు పడతాయమ్మా. తిరిగితేనే చక్రం. ఒక్క మాట యాదిపెట్టుకో. బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించు. తర్వాత ఎదురెదురుగా, కొంచెం కొంచెం. తొందరపడితే రింగు అలుగుతాది."

జ్యేష్ఠ శుద్ధ విదియ

తొందరపడ్డాను. రింగు అలిగింది.

పొద్దున మొదటి చక్రం విప్పి పాత టైరు తీసేశాను. హబ్బు బోల్టులూ రిమ్ము రంధ్రాలూ ముందే సరిచూసుకున్నాం, ఆరుకు ఆరు. రిమ్మును గీకి, తుడిచి, సబ్బు నీళ్లు పూసి టైరు లోపలి పెదవి దాటించాను. బయటి పెదవిని రిమ్ము అంచు మీద కూర్చోబెట్టి రింగు పెట్టాను. ఇక్కడిదాకా సరే. ఎర్రిస్వామి తుమ్మ కంచె పనికి పోయాడు, నేనొక్కదాన్నే. ఎండ ఎక్కుతోంది. ఒకవైపు నుంచి వరసగా పానాతో బిగించుకుంటూ పోయాను. గాలి కొట్టగానే బుస్సుమంది. సబ్బు నీళ్లు పోస్తే ఒకపక్కంతా నురగ. బిగించిన వైపు రింగు కూరుకుపోయింది, ఎదురువైపు నోరు తెరిచింది.

అన్నీ విప్పి ఇసుకలో కూలబడ్డాను. అప్పుడు నాగవేణి వచ్చింది. మజ్జిగ చెంబు నా ముందు పెట్టి, పోకుండా అక్కడే గొంతుక్కూర్చుంది. వారం నుంచి చక్రాల మాట ఎత్తితే లేచిపోయే మనిషి. చాలాసేపు రింగును చూసి, మంచం అల్లేటప్పుడు ఒకపక్కే లాగితే కోడు లేస్తుందని, ఇదీ అంతేనని అంది. బోల్టు ఒకటి తీసుకుని కొంగుతో తుడిచి, రంధ్రంలో పెట్టి వేళ్లతో తిప్పింది. తర్వాత దానికి ఎదురుగా ఇంకొకటి. నేను మాట్లాడితే లేచిపోతుందేమోనని భయం.

చుట్టూ బోల్టులన్నీ ఆమే ఎక్కించింది. నేను పానా పట్టుకున్నాను. ఆమె చూపించిన చోట కొంచెం, దానికి ఎదురుగా కొంచెం, అడ్డంగా కొంచెం. మూడో చుట్టుకు రింగు ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. గాలి కొట్టాం. లోపలి పెదవి టప్పుమని సర్దుకుంది. సబ్బు నీళ్లు పోశాం. ఒక్క బుడగా లేదు.

రెండో చక్రం మీద పని చేస్తుండగా, నేనేమీ అడగకుండానే తనే చెప్పింది.

"మూడుసార్లూ నేను మాట్లాడినా అక్కా. కడుపు మీద చెయ్యి పెట్టుకోని పొద్దస్తమానం మాట్లాడినా. ఏం వండినానో చెప్పినా, వాళ్ల నాయన ఏమన్యాడో చెప్పినా. మాట్లాడతాండంగానే పోయినారు. ఈసారి నా నోరు తగలకుంటే ఉంటాదేమో అని."

ఇన్ని నెలలుగా ఆమెకు మనసు రాలేదనుకున్నాను. అలిసిపోయిందనుకున్నాను. ఒకసారి ఎర్రిస్వామి దగ్గర, నీ పెళ్లాం గుండె రాయి అయిపోయింది నాయనా అని కూడా అన్నాను. మాటలకు బిడ్డలు పోరే అని చెబుదామనుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలియదా. డాక్టర్లు చెప్పలేదా. ఆమె తల మీద చెయ్యి వేశాను. ఒక నిమిషం అట్లే ఉండనిచ్చి, ఇంకో బోల్టు అందుకుంది.

సాయంత్రానికి నాలుగు చక్రాలూ అయ్యాయి.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

ఉత్త పేటికతో రాయదుర్గం దాకా పోయాం. గాలి బాగా దించాను. చేత్తో అదిమిన సంగటి ముద్దలా టైర్లు నేల మీద పరుచుకున్నాయి. వాగులో, దిబ్బ మలుపులో, ఎక్కడా ఊడలేదు. ముల్లు ఎర్రగీత దరిదాపులకు పోలేదు. గర్భశాల నర్సు ఫర్జానా బండి చుట్టూ తిరిగి చూసి, ఇవేం బోల్టులు అక్కా, అమ్మవారి మెడలో కాసుల పేరులా ఉన్నాయి అంది. ఏడో నెల నిండగానే రమ్మంది. తనే తోడు వస్తుందట. రెండు నెలలు నా మాటలు భరించాలి మరి అని ముందే హెచ్చరించింది.

తిరిగి వచ్చాక పానా వేసి చూస్తే బోల్టులు కొన్ని కొద్దిగా సడలి ఉన్నాయి. కొత్తల్లో అట్లే అవుతుందని, టైరు పెదవి సర్దుకున్నాక నిలబడతాయని షరీఫ్ సాబ్ ముందే చెప్పాడు. మళ్లీ బిగించాను.

జ్యేష్ఠ బహుళ తదియ

ఇవాళ్టిది నిదానంగా రాయాలి.

నిన్న పొద్దున ఎర్రిస్వామీ నేనూ బయల్దేరుతుంటే నాగవేణి సంచి పట్టుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఎక్కడికి అని ఇద్దరం ఒకేసారి అడిగాం. బోల్టులు ఎక్కించింది నేను కదా, విప్పాల్సొస్తే నేనుండాల అంది.

రాయదుర్గంలో నిద్ర చేసి, ఈ పొద్దున పేటిక తీసుకున్నాం. బండి మధ్యలో పరుపులు వేసి, తాళ్లతో కట్టి, బండి కరెంటుకు కలిపారు. అద్దానికి గుడ్డ కప్పి ఉంది. ఒకపక్క ఫర్జానా, ఒకపక్క నాగవేణి. ఎర్రిస్వామి నా పక్కన. నాగవేణి మొహం కిటికీ వైపే తిప్పుకుంది.

దిబ్బల్లో సగం దూరం వచ్చేసరికి పడమట ఆకాశం పసుపు పచ్చగా మారింది. గాలి ఇంకా లేవలేదు కానీ నేల మీద ఇసుక పాములా పాకుతోంది. నిన్న పోయిన దారిలో ఇప్పుడు కొత్త దిబ్బ పడి ఉంది. దాన్ని చుట్టుకుపోతే పొద్దు చాలదు. వాగు ఎగువన దిగి దాటడమే మిగిలింది. అక్కడ రాళ్లు పెద్దవి. ఎర్రిస్వామి దిగి ముందు నడుస్తూ దారి చూపించాడు. టైర్లలో గాలి ఇంకా దించాను.

వాగు దాదాపు దాటేశాం. ఇసుక కింద దాగిన రాయి ఒకటి ముందు ఎడమ చక్రానికి పక్కనుంచి తగిలింది. టక్కుమన్న చప్పుడు నాకు పళ్లలో వినిపించింది. ముల్లు ఎర్రగీత అంచు దాకా లేచి, కాసేపు అక్కడే ఆలోచించి, దిగింది. బండిని మెల్లగా చదునైన ఇసుక పర్ర మీదకు తెచ్చి ఆపాను. దిగి చూస్తే పక్కపక్కనున్న కొన్ని బోల్టుల తలలు తెగిపోయాయి. అక్కడ రింగు పైకి వంగింది. టైరు పెదవి ఇంకా లోపలే ఉంది, కానీ గాలి సన్నగా ఈలవేస్తూ పోతోంది.

మామూలుగా అయితే జాకీ పెట్టి ఎత్తుతాను. ఎత్తితే బండి ఒరుగుతుంది, పేటిక వంగకూడదని ఫర్జానా గట్టిగా చెప్పింది. వంగిన రింగును సుత్తితో కొడితే ఆ దెబ్బలన్నీ పేటికకు చేరతాయి. ఎర్రిస్వామి తలగుడ్డ విప్పి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. నెత్తిన పెట్టుకుని నడుస్తాడట. మిట్ట ఇంకా ఒక ఆమడ ఉంది. బండి కరెంటు నుంచి విడదీస్తే పేటిక అంతసేపు ఆగదని ఫర్జానా చెప్పేదాకా అతను ఆ చుట్ట చుడుతూనే ఉన్నాడు. తర్వాత దాన్ని చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

నేను ఇసుక వైపు చూశాను. బండిని ఎత్తలేకపోతే నేలను దించవచ్చు. ఇరుసు కింద చెక్క పలక పెట్టి, పలక కింద రాళ్లు పేర్చి, అది బరువు పట్టుకున్నాక చక్రం కింది ఇసుకను ఇద్దరం చేతులతో తవ్వాం. వేగంగా తవ్వితే గుంట పూడుతోంది. కొంచెం కొంచెంగా తోడాం. చక్రం మెల్లగా నేలను వదిలి గాలిలో నిలిచింది. బండి వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. పైన నాగవేణి, ఫర్జానా పేటికను రెండు వైపులా పొదివి పట్టుకుని ఉన్నారు. ఫర్జానా కన్ను కరెంటు తీగ మీద ఉంది. నేను కింద నుంచి మాటిమాటికీ ముల్లు ఎట్లుందే అని అడుగుతున్నాను, పడుకునే ఉందని నాగవేణి చెబుతోంది.

మర తిప్పితే బిగిసే పెద్ద ఇనుప పట్టీ తగిలించి, వంగిన చోట రింగునూ రిమ్మునూ కలిపి కొంచెం కొంచెంగా నొక్కాను. ఉక్కు మూలిగి, లొంగింది. తెగిన బోల్టుల మొదళ్లు రంధ్రాల్లోనే ఉండిపోయాయి, అక్కడ చేసేదేం లేదు. వాటికి అటూ ఇటూ ఉన్నవాటిని ఎర్రిస్వామి బిగించాడు. ఈలలు తగ్గి, చెవి పెడితే తప్ప వినపడనంత అయ్యాయి. పట్టీని అట్లే వదిలేశాను. గుంటలో ఇసుక నింపుతుండగా గాలి లేచింది. ఇసుక మొహానికి కొడుతోంది. అప్పుడు పైనుంచి నాగవేణి గొంతు.

"అక్కా, లేచింది."

ముల్లు లేచిందనుకున్నాను. ఇసుకలో పాకినట్టే పాకి బండి ఎక్కాను. ముల్లు పడుకునే ఉంది. పేటిక మీది గుడ్డ పక్కకు జరిగి ఉంది. నాగవేణి అరచెయ్యి అద్దం మీద ఉంది. అద్దానికి అవతల, ఎర్రటి వెలుతురులో, ఆ చేతికి సరిగ్గా ఎదురుగా ఒక పాదం. నా బొటనవేలంత ఉంటుంది. తన్నింది. మళ్లీ తన్నింది.

"నిద్ర లేచినట్టుంది" అంది నాగవేణి, నా వైపు చూడకుండా. ఆమె కళ్లనిండా ఇసుకో నీళ్లో. "నిమ్మళంగా పోనీ అక్కా. భయపడినాదేమో."

ఎర్రిస్వామి కింద నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు. లోపల ఏముందో చూడాలన్న ధ్యాస కూడా అతనికి లేదు.

మిగిలిన దారంతా నడక కంటే నెమ్మదిగా నడిపాను. మధ్య మధ్య ఆగి ఆ చక్రానికి గాలి కొట్టుకున్నాం. వెనక నుంచి గాలి హోరులో కలిసిపోయి నాగవేణి గొంతు వినిపిస్తూనే ఉంది. మాటలు నాకు తెలియలేదు. అవి నాకు చెబుతున్నవి కావు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాం. ముల్లు గీత దాటలేదు.

ఆషాఢ శుద్ధ పంచమి

గాలి. బండి కదిలే మాటే లేదు. కొట్టంలో చక్రాలు విప్పి పెట్టాను. తెగిన బోల్టుల మొదళ్లు ఒక్కొక్కటే తీస్తున్నాను, బుద్ధిగా వస్తున్నాయి. తలుపు సందులకు తడిగుడ్డలు కుక్కడం, కుక్కినవి ఎండితే మళ్లీ తడపడం, ఇదే పని. వంటింట్లో కంచాలన్నీ బోర్లించే ఉన్నాయి.

పేటికను నడిమింట్లో పెట్టారు. ఫర్జానా ముందే చెప్పినట్టు మాటలపోగు. నాగవేణి ఆమెకు తీసిపోవడం లేదు. పొద్దున సద్ద రొట్టె తట్టుతూ, పిండి ఎందుకు విరిగిందో పేటికకు వివరంగా చెబుతోంది. ఎర్రిస్వామి గోడకు ఆనుకుని వింటున్నాడు. ఇన్నాళ్లూ గోడకు చెప్పుకున్నవాడికి ఇప్పుడు మాట్లాడే సందే దొరకడం లేదు.

శ్రావణ బహుళ విదియ

ఆడపిల్ల. మధ్యాహ్నం ఫర్జానా పేటిక తెరిచింది. మొదట ఏడవలేదు. ఫర్జానా వీపు నిమిరింది, తలకిందులుగా పట్టుకుంది, మళ్లీ నిమిరింది. అప్పుడు ఏడ్చింది. బయట గాలి హోరును మించి ఏడ్చింది.

నాగవేణి బిడ్డను అందుకున్న తీరు చూసి, ఈమెకు ఎవరు నేర్పారు అనుకున్నాను.

భాద్రపద శుద్ధ దశమి

గాలులు ఆగాయి. ఆకాశం కడిగినట్టుంది. దారులు చూసి రమ్మని మిట్టవాళ్లు చెబితే పొద్దున బండి తీశాను. ఫర్జానాను రాయదుర్గంలో దించాలి. ఆమె సంచి సర్దుకుని, పాపను ముద్దుపెట్టుకుని, ఏడ్చి, మళ్లీ సంచి విప్పి ఏదో మరిచిపోయానని వెతికి, మళ్లీ ఏడ్చింది. నేను చక్రాల బోల్టులు ఒక్కొక్కటీ పానాతో చూసుకుంటున్నాను.

ఎర్రిస్వామి మేడ మీద పలకలు చిమ్ముతున్నాడు. నాగవేణి పెరట్లో బియ్యం కడుగుతోంది. లోపల ఉయ్యాలలో పాప లేచి ఏడుపందుకుంది. నేను పానా వదిలి లేవబోయాను. ఈ ఇంట్లో ఏడుపు వినిపిస్తే పరుగెత్తడం నాకు ఇంకా పోలేదు.

నాగవేణి తల ఎత్తలేదు. ఇంకోసారి నీళ్లు పోసి, బియ్యం గలగలా తిప్పి, కడుగు వంచుతూ లోపలికి వినపడేలా అంది.

"ఉండు. చేతులు తడిగా ఉండాయి. వస్తాండా."

పాప ఆగలేదు. నాగవేణి తొందరపడలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టింది, మూత వేసింది, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఉండమంటే ఉండే బిడ్డ దగ్గరికి పోయినట్టు, నింపాదిగా లోపలికి నడిచింది.